మాటిమాటికి మొరపెట్టు బిడ్డ

(గోకుందలో జరిగిన మన సంఘ ఆదివార సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



నేటి సభలో మాటలాడుమని సంఘమువారు మమ్ము కోరినప్పుడు, విషయమును మీరే ఎన్నుకొనుడని చెప్పిరి. మన భాషను గూర్చి, మన పిల్లల చదువును గూర్చి, అల్పసంఖ్యాకుల హక్కులను గూర్చి పెద్దలు ఇచట అనేక పర్యాయములు చెప్పియున్నారు. మేము అంతటి విషయమును ఎత్తుకొనుట లేదు. ప్రతి ఇంటను ప్రతి ఉదయమును వినవచ్చు మాటలను గూర్చియే చెప్పదలచితిమి.

“అమ్మా, కడుపు నొస్తాంది.” “అవ్వా, తమ్ముడు కొట్టిండు.” “బాపూ, నా పెన్సిలు పోయింది.” “నాతోని ఎవ్వరూ ఆడుతలేరు.” తెల్లవారినది మొదలు నిద్రపోవువరకు ఇట్లు ఏదో ఒక మొర పెట్టుచుండు బిడ్డ మనలో అనేకుల ఇండ్లలో కలదు. అట్టి బిడ్డను మనము మూడు విధములుగా ఊరకుండజేయుదుము: కసరుదుము, నవ్వుదుము, లేదా చేతికి ఫోను ఇచ్చెదము. మూడింటివలనను మొర ఆగును. మొరకు కారణము మాత్రము ఆగదు. నేడు మేము చెప్పదలచినదెల్ల ఈ రెండు వాక్యములలోనే ఉన్నది.

ముందుగా మా ఇంటి తప్పును ఒప్పుకొందుము. పరుల ఇండ్లకు బుద్ధి చెప్పుటకంటె అది మర్యాద.

మా మనుమరాలు ఆరేండ్ల వయసున ఒక మరాఠీ బడిలో ఒకటవ తరగతిలో చేరెను. చేరిన కొలది దినములకే ప్రతి ఉదయమును కడుపు నొప్పి అనుట ఆరంభించెను. సాయంకాలము బడినుండి వచ్చియు అదే మాట అనెడిది. దానితోపాటు పాలు వేడిగా ఉన్నవనియు, జడ బిగువుగా ఉన్నదనియు, తమ్ముడు తన సంచి త్రొక్కినాడనియు వేయి మొరలు. ఉదయకాలమున ఇంటి తొందర మీకు తెలియనిది కాదు. పెనముమీద జొన్నరొట్టె మాడుచుండును. వాకిట ఆటో నిలిచియుండును. ఒకనాడు మేము ఒక సంగతి గమనించితిమి. ఆదివారమున నొప్పి రాదు. పండుగనాడు నొప్పి రాదు. దానితో మా మనస్సునకు నిశ్చయము కుదిరెను: ఇది బడి ఎగవేయుటకు పన్నిన ఎత్తు. “నీ కడుపుకు ఆదివారం ఎట్ల తెలుస్తదే?” అని మేమే అంటిమి. ఇంటిల్లిపాదియు నవ్వెను. బిడ్డ నవ్వలేదు.

దసరా సెలవులు ముగిసిన పిదప బిడ్డ కడుపు మాట ఎత్తుట మానెను. పాలు వేడియనలేదు, జడ బిగువనలేదు. పెట్టినది తినెను, పిలిచినప్పుడు ఆటో ఎక్కెను. “పెద్దదైనది, బుద్ధి వచ్చినది” అని మేము సంతోషించితిమి. ఇరుగుపొరుగువారికిని చెప్పుకొంటిమి.

పదిదినములు గడువకముందే బిడ్డకు చలితో జ్వరము వచ్చెను. వైద్యులు మూత్రపరీక్ష చేయించి, మూత్రకోశమునకు రోగము సోకినదని చెప్పిరి. పిదప, “ఈ బిడ్డ పగటిపూట నీరు త్రాగుచున్నదా?” అని అడిగిరి. మేము ఒకరి ముఖము నొకరు చూచుకొంటిమి. ఆ రాత్రి బిడ్డ ప్రక్కన పండుకొని వాళ్ళ అవ్వ మెల్లగా అడిగెను. బిడ్డ చెప్పిన మాట ఇది: “నేను బడిల నీళ్ళు తాగ. తాగితె బయటికి పోవాలె. అడుగుడు రాదు.”

జరిగినది ఇంతే. చేరిన మొదటి వారమున బిడ్డ బయటికి పోవుటకు తెలుగున సెలవడిగెను. తరగతిలోని పిల్లలు నవ్విరి. పిల్లలు నవ్వుట సహజము. వారియందు దోషము లేదు. పంతులమ్మ మంచిది, అంతమంది పిల్లల సందడిలో ఆమెకు ఈ సంగతి తెలియలేదు. మా బిడ్డకు వీథి మరాఠీ వచ్చును. దుకాణమునకు పోయి బిస్కత్తులు తేగలదు. కాని తరగతి నడుమ లేచి నిలువబడి అడుగవలసిన మరాఠీ రాదు. నాటినుండి అది నీరు త్రాగుట మానెను. వచ్చినదానిని సాయంకాలమువరకు ఆపుకొనసాగెను. ఉదయపు నొప్పి భయమువలనిది. సాయంకాలపు నొప్పి ఆపుకొనుటవలనిది. ఆదివారము నొప్పి లేకుండుటకును కారణము అదియే. ఏ సంగతిని మేము బిడ్డ అబద్ధమునకు సాక్ష్యముగా పట్టుకొంటిమో, ఆ సంగతియే నిజమును చూపుచుండెను.

మందులతో జ్వరము తగ్గెను. మిగిలినదానికి మందు ఒక్క వాక్యము: “బాయీ, మీ బాహేర్ జాఊ కా?” ఆ మాటను రెండు సాయంకాలములు ఆటగా పలికించితిమి. తల్లి బడికి పోయి పంతులమ్మతో నెమ్మదిగా మాటలాడెను. ఆమె ఎంతో నొచ్చుకొని, నాటినుండి నీటివేళ కాగానే బిడ్డను తానే పలుకరించుచుండెను. మూడు నెలల బాధ మూడు దినములలో తీరెను. అయినను మమ్ము నేటికిని బాధించునది ఆ మూడు నెలలు కాదు. బిడ్డ మొరపెట్టుట మానిన ఆ పదిదినములు. మేము బుద్ధి అనుకొన్నది బుద్ధి కాదు, నిరాశ.

కావున అయ్యలారా, మొరపెట్టు బిడ్డను చూచి విసుగు చెందవలదు. మొర యనగా అడుగుట. అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదని మన పెద్దలు చెప్పుదురు. అడుగుచున్న బిడ్డకు ఇంకను మనయందు నమ్మకము కలదు. అడుగుట మానిన బిడ్డను గూర్చియే భయపడవలెను.

“నాన్నా, పులి” కథను మనమందరము పిల్లలకు చెప్పియున్నాము. మేకలు కాచు పిల్లవాడు రెండుసార్లు అబద్ధముగా కేకవేసెను, మూడవసారి నిజముగా పులి వచ్చినను ఎవ్వరును పోలేదు. అబద్ధమాడరాదని దాని నీతిగా చెప్పుచుందుము. ఆ నీతి సరియైనదే. కాని మన కిన్వట్ అడవులను ఎరిగినవారికి ఆ కథలో ఇంకొక మాట వినబడవలెను. చీకటిపడువేళ అడవి అంచున చిన్నవాడు ఒంటరిగా ఉండెను. మొదటి కేకకు పరుగెత్తివచ్చిన పెద్దలు, పులి లేదని కోపించి మరలిపోయిరి. “ఎందుకు పిలిచితివిరా, భయమైనదా?” అని ఒక్కరును అడుగలేదు. అడిగియుండినచో మూడవ కేకకు మనుష్యులు ఉండెడివారేమో. బిడ్డ చెప్పు కారణము ఒక్కొక్కప్పుడు నిజము కాకపోవచ్చును. బిడ్డ పిలుచుట మాత్రము ఎప్పుడును నిజమే.

ఇది ఏ ఇంటనైనను జరుగగలదు. కాని మన ఇండ్లలో జరుగుటకు ప్రత్యేకమైన కారణము ఒకటి కలదు. 1956 నవంబరు 1వ తేదీకి ముందు మన కిన్వట్ ప్రాంతము హైదరాబాదు రాష్ట్రమునందలి ఆదిలాబాదు జిల్లాలో ఉండెను. రాష్ట్రముల పునర్విభజనతో బొంబాయి రాష్ట్రమున నాందేడు జిల్లాలో చేరెను. 1960 మే 1వ తేదీన మహారాష్ట్రమాయెను. మనలో అనేక కుటుంబములు ఇల్లు కదలలేదు, హద్దు కదలెను. నిజాము కాలమున బడికి పోయిన పెద్దలు ఇంట తెలుగు మాటలాడి బడిలో ఉర్దూ చదివిరి. వారి పిల్లలు మరాఠీ చదివిరి. నేటి పిల్లలు మరాఠీతోపాటు ఇంగ్లీషును చదువుచున్నారు. తరతరమునకు బడిభాష మారెను, ఇంటిభాష మారలేదు. అనగా ప్రతి తరమునందును ఒక ఆరేండ్ల బిడ్డ తన కష్టమును చెప్పుకొనుటకు రెండవ భాషను వెదకికొనవలసివచ్చినది.

ఇట్టి పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన కలిగింప యత్నింపవలెనని మన రాజ్యాంగమునందలి 350-ఏ అధికరణము చెప్పుచున్నది. అది 1956లో ఏడవ సవరణతో చేరినది. దానిని గూర్చి సంఘము పాటుపడవలసినదే. కాని ఆ అధికరణము బడికి సంబంధించినది. సాయంకాలము ఇంటికి వచ్చిన బిడ్డ మాటను వినుటకు ఏ అధికరణమును అక్కరలేదు. అది మన చేతిలోనిదే.

బాధను చెప్పుకొనుటకు మన భాషలో ఎన్ని మాటలు కలవో ఒకసారి తలచుకొనుడు. పుండు సలుపును. కాలు తీయును. తల పోటెత్తును. కన్ను మండును. కడుపు నులిపెట్టును. గాయము చిమచిమలాడును. ఇవి అన్నియు ‘నొప్పి’యే, కాని ఒకటి మరియొకటి కాదు. మనస్సునకును అట్లే. దిగులు వేరు, బెంగ వేరు, రంది వేరు. అలుక వేరు, ఉక్రోషము వేరు. బిడియము వేరు, భయము వేరు. మన అవ్వలకు ఈ మాటలన్నియు నోటనుండెను. మన పిల్లలకు ‘నొప్పి’, ‘బోర్’, ‘టెన్షన్’ అను మూడు మాటలే మిగులుచున్నవి. మాట లేని బాధను బిడ్డ ఎట్లు చెప్పును? కడుపు నొస్తాందని చెప్పును. అది అందరికిని తెలిసిన మాట కనుక. “కడుపుల పోటా, మంటా? లేకుంటె బడి తలుచుకుంటె దిగులైతాందా?” అని మనము అడిగినచో బిడ్డకు రెండు లాభములు కలుగును. బాధ తేలికపడును, మాట ఒకటి వచ్చును. భాషను నిలుపుకొనుట యనగా ఇదియు ఒకటి.

ఇప్పుడు శరీరపు నొప్పులను గూర్చి వైద్యులు కనుగొన్న సంగతులు రెండు చెప్పెదము. 1958లో ఇంగ్లండు దేశమున జాన్ ఆప్లీ, నోరా నైష్ అను వైద్యులు 1,000 మంది బడిపిల్లలను విచారించి తమ పరిశీలనమును ప్రకటించిరి. మూడు మాసములలో కనీసము మూడు పర్యాయములు, పనిపాటలకు అడ్డువచ్చునంతటి కడుపునొప్పి వచ్చినవారినే వారు లెక్కించిరి. అట్టి పిల్లలు నూటికి సుమారు 11 మంది తేలిరి. ఇట్టి పిల్లలలో అత్యధికులకు పరీక్షించినను శరీరమున వ్యాధి యేదియు కనబడదు. నొప్పి అబద్ధమని దీనికి అర్థము కాదు. భయమును బెంగయు కడుపునే ముందు పట్టును. పరీక్షనాటి ఉదయమున మన కడుపు ఎట్లుండెడిదో జ్ఞప్తికి తెచ్చుకొనుడు.

కాని భయమువలననే అని మనమే తీర్మానించుకొనరాదు. మేము చేసిన తప్పు అదియే. నిద్రనుండి లేపు నొప్పి, బొడ్డుకు దూరముగా ఒకేచోట నిలుచు నొప్పి, నొప్పితోపాటు జ్వరము, మాటిమాటికి వాంతి, బరువు తగ్గుట, మలమున రక్తము, మూత్రమున మంట—వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. మన గోకుందలోనే ఉపజిల్లా ఆసుపత్రి కలదు. తలనొప్పి అని మాటిమాటికి చెప్పు బిడ్డకు కన్నులు పరీక్ష చేయింపుడు. నల్లబల్లమీది అక్షరములు కానరాక కన్నులు చికిలించు పిల్లలు అనేకులు. నులిపురుగుల మాత్రను బడిలో ఇచ్చుదినమున బిడ్డ మ్రింగినదో లేదో కనుగొనుడు.

రెండవ సంగతి ఇంకను వింతయైనది. 2006లో అమెరికాలో లిన్ వాకర్ అను పరిశోధకురాలును ఆమె తోటివారును ఒక పరిశీలనమును ప్రకటించిరి. పిల్లలకు నీరు అధికముగా త్రాగించి కడుపున కొంత ఇబ్బంది కలిగించిరి. కొందరు తల్లిదండ్రులను ఆ ఇబ్బందిని గూర్చియే పలుకరించుచుండుమనిరి. మరికొందరిని వేరు మాటలలోనికి మరలింపుమనిరి. ఇంకను కొందరికి ఏమియు చెప్పలేదు. ఏమియు చెప్పనివారి పిల్లలతో పోల్చగా, మాటిమాటికి పలుకరించినవారి పిల్లల మొరలు ఇంచుమించు రెట్టింపయ్యెను. మరలించినవారి పిల్లల మొరలు సగమయ్యెను. మరలించుట బిడ్డకు కీడు చేయునని తల్లిదండ్రులు జంకిరి. పిల్లలు మాత్రము దానివలన తమకు హాయిగా ఉండెనని చెప్పిరి.

దీనినిబట్టి వినకుండుటయే మేలని తలచరాదు. ఒకసారి సంపూర్ణముగా వినుడు. చూపవలసినచో వైద్యునికి చూపుడు. పిదప గంటకొకసారి “ఇంకా నొస్తాందా? ఇంకా నొస్తాందా?” అని త్రవ్వకుడు. ప్రక్కన కూర్చుండబెట్టుకొని చిక్కుడుకాయలు ఒలిపించుడు, కథ చెప్పుడు, పైనగంగ ఒడ్డునకు తీసికొనిపొండు. వినుట వేరు, త్రవ్వుట వేరు.

ఇక ప్రతిదినపు మొరలను ఎట్లు వినవలెనో, మేము తప్పులు చేసి నేర్చుకొన్నదానిని చెప్పెదము.

మొదటిది, చేతిలోని పనిని ఒక నిమిషము ఆపుట. ఆపలేనిచో “రొట్టె దించి వస్తా, అప్పుడు చెప్పు” అని చెప్పి, నిజముగా పోవుట. బిడ్డ ఎత్తునకు కూర్చుండి వినినచో సగము మొర అచటనే కరగును.

రెండవది, బిడ్డ మాటను బిడ్డకు తిరిగి చెప్పుట. “తమ్ముడు నీ బొమ్మ గుంజుకున్నడా? నీకు కోపమొచ్చింది.” ఇందు తీర్పు లేదు, తమ్మునికి శిక్ష లేదు. ‘నీవు చెప్పినది నాకు అందినది’ అను రసీదు మాత్రమే. పెద్దవారమైన మనమును కచేరీలో అర్జీ ఇచ్చి రసీదు లేనిదే కదలము గదా.

మూడవది, తొందరపడి తీర్పు చెప్పకుండుట. “నువ్వే ముందు కొట్టి ఉంటవు”, “గింత దానికి ఏడుపా?”, “మీ అక్క ఎన్నడన్న గిట్ల చేసిందా?” అను మాటలు మన నాలుక చివరనే ఉండును. “మీ వయసుల మేము చెప్పులు లేకుండ బడికి పోయినం” అనునది ఇంకొకటి. అది నిజమే. కాని బిడ్డ మన కాళ్ళను గూర్చి అడుగలేదు.

నాల్గవది, ఉపాయమును ముందు బిడ్డనే అడుగుట. “ఇప్పుడు ఏం చేస్తే మంచిగుంటదంటవు?” అని అడిగి కొంతసేపు ఊరకుండుడు. పెన్సిలు పోయినదని చెప్పిన బిడ్డ, “పేరు రాసి అతికిస్తే?” అని తానే చెప్పవచ్చును. కొన్ని మొరలకు ఉపాయము అక్కరలేదు. వినువారు ఉండవలెను, అంతే. “నేను వింటె చాలా, ఏమన్న చెయ్యాల్నా?” అని అడిగినచో బిడ్డయే చెప్పును.

ఐదవది, ఇచ్చిన మాట నిలుపుట. పంతులమ్మతో మాటలాడుదుమని చెప్పినచో మాటలాడవలెను. బడికి పోయినప్పుడు కలహమునకు పోయినట్లు పోరాదు. “మా బిడ్డ ఇట్లు చెప్పుచున్నది, మీకేమైనను కనబడినదా?” అని అడిగినచో, ఉపాధ్యాయులలో అధికులు మనతో కలిసియే వెదకుదురు.

ఇట్లు విన్నచో బిడ్డ గారాబమున చెడిపోవునని పెద్దలు భయపడుదురు. అమెరికాలో మేరీ ఐన్స్‌వర్త్, సిల్వియా బెల్ అనువారు 26 మంది పసిబిడ్డల ఇండ్లకు ఒక సంవత్సరముపాటు పోయి చూచి, 1972లో తమ పరిశీలనమును ప్రకటించిరి. ఏడ్చిన వెంటనే తల్లి పలికిన బిడ్డలు సంవత్సరాంతమునకు తక్కువగా ఏడ్చుచుండిరని వారు వ్రాసిరి. వారి లెక్కను కొందరు పండితులు ప్రశ్నించిరి; ఆ వాదములు పండితులకే విడిచెదము. మా ఇంట మేము చూచినది ఇది: పలికినందున మొరలు పెరుగలేదు. మొర విన్నంతమాత్రమున కోరినదెల్ల ఇయ్యవలెనని లేదు గదా. “నీకు ఇంకా ఫోను చూడాలనుంది, నాకు తెలుసు. ఇయ్యాళ్ళకు చాలు.” ఇందు వినుటయు ఉన్నది, కాదనుటయు ఉన్నది. రెండును ఒక నోటనే రావచ్చును.

కొందరు పిల్లలకు మొర అలవాటై, దినమంతయు అదే ధోరణి సాగును. అట్టివారికి ఒక వేళ ఏర్పరచుట మంచిది. సాయంకాలము దీపము పెట్టిన పిదప పదినిమిషములు బిడ్డవి. ఆ వేళ ఎవ్వరును ఫోను ముట్టరాదు. బిడ్డ ముందు కష్టము చెప్పును. పిదప ఆనాడు జరిగిన మంచిమాట ఒకటి చెప్పును. ఈ వరుస తారుమారు చేయకుడు. కష్టము విననిదే మంచి చెప్పుమన్నచో, అదియు నోరు మూయించుటయే యగును.

ఇంకొక మాట చెప్పక తప్పదు. కొన్ని మొరలు దీపము పెట్టువేళకు ఆగరానివి. ఒక మనుష్యుని పేరు చెప్పగానే బిడ్డ భయపడుట, ఒకరి ఇంటికి పోననుట, ఎవరో తాకినారనుట, బడిలో కొట్టుచున్నారనుట—వీనిని అప్పుడే వినవలెను, ముందుగా నమ్మవలెను. “వాళ్ళు మన చుట్టాలు, అట్ల అనరాదు” అని బిడ్డ నోరు మూయరాదు. బడిలో పిల్లలను కొట్టుట, మనస్సు నొప్పించుట 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించినది. లైంగిక నేరములనుండి పిల్లలను కాపాడుటకు 2012లో ప్రత్యేక చట్టము వచ్చినది. పిల్లల సహాయమునకు 1098 అను ఫోను సంఖ్య కలదు; దానికి వెల లేదు. అయితే చిన్న మొరలకు నవ్విన ఇంట పెద్ద మొర చెప్పుటకు బిడ్డకు ధైర్యము రాదు. పెన్సిలు పోయినదను మాటను మనము వినునది పెన్సిలు కొరకు కాదు. రేపటి పెద్ద మాట కొరకు.

చివరగా ఒక మహనీయుని సంగతి చెప్పి ముగించెదము. పోలండు దేశమున యానుష్ కోర్చాక్ అను వైద్యుడు, 1912లో వార్సా నగరమున ఆరంభమైన ఒక అనాథ పిల్లల గృహమునకు పెద్దగా ఉండెను. అచట పిల్లలే న్యాయాధిపతులుగా ఒక న్యాయస్థానము నడిచెను. ఏ బిడ్డయైనను ఎవరిమీదనైనను, తుదకు ఉపాధ్యాయునిమీదను, మొర పెట్టవచ్చును. కోర్చాక్ తానే ఆ న్యాయస్థానము ఎదుట నిలిచెను. వారి ధర్మశాస్త్రము క్షమనే మొదట చెప్పెను. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణశిబిరమునకు తరలించినప్పుడు, ఆయన వారిని విడువక వారితోనే పోయి ప్రాణము విడిచెను. బ్రదికినన్నాళ్ళు పిల్లల మాట విన్నవాడు, తుదకును వారి చేయి విడువలేదు.

అంతటి త్యాగమును మనలనెవ్వరును అడుగుట లేదు. ఆయన కథ చదివిన పిదప మా ఇంట ఒక రెండువందల పేజీల నోటుపుస్తకము కొని, గోడకు దారముతో కట్టితిమి. దానిపై ‘మొరల పుస్తకము’ అని వ్రాసితిమి. నియమము ఒక్కటే: తెలుగున వ్రాయవలెను. మా మనుమరాలు ఇప్పుడు మూడవ తరగతి. బడిలో తెలుగు లేదు. అక్షరములు వాళ్ళ అవ్వ నేర్పినవి. నేర్చుకొనుమని బ్రతిమాలినప్పుడు బలపము పట్టని బిడ్డ, మొర వ్రాయుటకు వత్తులును గుణింతములును అడిగి అడిగి నేర్చుకొనెను.

మొదటి పుటలో మొదటి మొర ఇట్లున్నది: “తాత ఫోను చూస్కుంట ఊ ఊ అంటడు. ఇనడు.”

బిడ్డ వ్రాసినప్పుడు అందు అక్షరదోషములు నాలుగు ఉండెను. మేము ఇచట దిద్ది చెప్పితిమి. మొరయందు దోషమేమియు లేదు. దాని క్రింద “నిజమే. తప్పు నాదే” అని వ్రాసి తాత సంతకము చేసెను.

మీ ఇండ్లలోను అట్టి పుస్తకము ఒకటి కట్టుడు. మొదటి మొర మీమీదనే వచ్చినచో చిన్నబుచ్చుకొనకుడు. బిడ్డ ఇంకను మీతో మాటలాడుచున్నది, తెలుగుననే మాటలాడుచున్నది.